తక్కువ ఆదాయంలో పెంపుడు ప్రాణి: కుక్కా, పిల్లా, పక్షులా, చేపా? చెన్నై అద్దె ఇళ్ల వాళ్లకు నా సలహా

పెరంబూరులో మేముండే లైన్ ఇళ్లలో ఏ పిల్లాడు కుక్కపిల్ల కావాలని మారాం చేసినా, వాళ్లమ్మ చివరికి నా దగ్గరికే వస్తుంది. "అక్కా, నువ్వు పెంచుతున్నావు కదా, నెలకు ఎంతవుతుంది?" అని అడుగుతుంది. ఆ లెక్క చెప్పడం తేలికే. మా కుక్క చిట్టి తిండికి నెలకు 700 రూపాయల లోపే అవుతుంది. కానీ ఆ ఒక్క లెక్క చూసుకుని ప్రాణిని తెచ్చుకున్నవాళ్లు ఏడాది తిరక్కుండానే కష్టాల్లో పడటం చాలాసార్లు చూశాను. మేమూ పడ్డాం.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. మావారు లోడ్ ఆటో నడుపుతారు. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపినా నెలకు 24 వేలు దాటదు. 2019 వానాకాలంలో మావారు వ్యాసర్పాడి దగ్గర తడుస్తూ వణుకుతున్న రెండు నెలల కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. రూపాయి ఖర్చు లేకుండా వచ్చింది కదా అని సంతోషపడ్డాం. పన్నెండో రోజున వాంతులు మొదలయ్యాయి, సాయంత్రానికి రక్త విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు అన్నారు. దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్ పెట్టించాం. 7,400 రూపాయలైంది. నా గాజులు కుదువ పెట్టాం. డాక్టరు చేయగలిగిందంతా చేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున అది నా ఒళ్లోనే పోయింది.

అప్పటినుంచి ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే. మనలాంటి వాళ్లం ప్రాణిని ఎంచుకునేటప్పుడు కొన్న ధరను, నెల తిండి ఖర్చును పక్కన పెట్టి, దానికి రాగల అతి చెడ్డ రోజు ఎలా ఉంటుందో ముందు ఊహించుకోవాలి. ఆ రోజు ఎంత డబ్బు కావాలి, అది మన చేతిలో ఉంటుందా, ఆ రోజును రాకుండా ముందే ఆపే దారి ఉందా? కింద నేను చేసిన పోలికంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు ఇల్లు

మనలో చాలామందికి సమస్య డాక్టరు దగ్గర కన్నా ముందు ఓనర్ దగ్గర మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అది సొంత ఫ్లాటు ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. అద్దెకుండే మనకు అగ్రిమెంట్‌లో ఏం రాసుకున్నామన్నదే ముఖ్యం. పదకొండు నెలలకోసారి మళ్లీ రాసుకునే కాగితం అది. "కుక్క ఉంటే వేరే ఇల్లు చూసుకోమ్మా" అని ఓనరమ్మ అంటే ఆమెతో వాదించి గెలిచే ఓపిక, డబ్బు మన దగ్గర ఉండవు.

అందుకని అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పేయండి. దాచిపెట్టి తర్వాత చూసుకుందాం అనుకోకండి. మేము ఇప్పుడున్న ఇంటికి వచ్చినప్పుడు చిట్టిని కూడా వెంట తీసుకెళ్లి ఓనరమ్మకు చూపించాం. మెట్ల మీద మలమూత్రాలు కనపడకూడదు, రాత్రి మొరగకూడదు అని రెండు షరతులు పెట్టారు. మాట నిలబెట్టుకున్నాం, ఆమె కూడా నిలబెట్టుకున్నారు.

ఇల్లు మారేటప్పుడు ప్రాణిని వీధిలో వదిలేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. జంతువులపై క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టం ప్రకారం అది నేరం కూడా. ఇంట్లో పెరిగిన కుక్కకు రోడ్డు దాటడం రాదు. ఆ వీధి కుక్కలు దాన్ని చేరనివ్వవు. వచ్చే రెండేళ్లలో ఊరు మారతామో, ఇల్లు మారతామో తెలియని పరిస్థితిలో ఉంటే కుక్క ఆలోచన ప్రస్తుతానికి మానుకోండి.

కుక్క: పిల్లను తెచ్చుకోవద్దు, పెద్దదాన్ని తెచ్చుకోండి

అందరూ కుక్కపిల్లే కావాలంటారు. చిన్నప్పటినుంచి పెంచితేనే మాట వింటుందని నమ్మకం. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి కుక్కపిల్ల అన్నిటికన్నా ఖరీదైన ఎంపిక అని అనుభవం మీద చెబుతున్నాను.

పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా పడాలి. తర్వాత మూడు, నాలుగు వారాల తేడాతో మరో రెండు. అది పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బుల నుంచి కాపాడేది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, దానికి బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. ప్రైవేటులో డాక్టరు ఫీజుతో కలిపి ఒక్కో విడతకు 800 నుంచి 1,200 దాకా నేను చూశాను. వీటితోపాటు నులిపురుగుల మందు. ఇవన్నీ పూర్తయ్యేలోపు పార్వో తగిలితే మా మొదటి కుక్కపిల్ల గతే. పైగా ఆర్నెల్ల దాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి. చెప్పులు, కరెంటు వైర్లు, నా విషయంలో అయితే కస్టమర్ల జాకెట్ గుడ్డలు, దేన్నీ కొరక్కుండా కాపాడుకోవాలి.

రెండు మూడేళ్ల నాటు కుక్క సంగతి వేరు. వీధిలో ఆ వయసు దాకా బతికి వచ్చిందంటే చిన్ననాటి గండాలు దాటేసినట్టే. ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎంత మొరుగుతుందో, పిల్లలతో ఎలా ఉంటుందో ముందే కళ్లకు కనపడుతుంది. దాని చెవి అంచున చిన్న కత్తిరింపు ఉందేమో చూడండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వీధి కుక్కలకు అలా గుర్తు పెడతారు. అప్పుడే రేబిస్ టీకా కూడా వేస్తారు. మా చిట్టి అలాంటిదే. రెండేళ్లు మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఉండేది, మావారికి బాగా మాలిమి. ఇంటికి తెచ్చుకున్న వారానికే బయటికి వెళ్లాలనుకుంటే తలుపు గీకడం నేర్చుకుంది.

ఆడ కుక్కకు ఆపరేషన్ చేయించకపోతే రాగల చెడ్డ రోజు పేరు పయోమెట్రా, అంటే గర్భసంచికి చీము పట్టడం. అప్పటికప్పుడు ఆపరేషన్ చేయకపోతే బతకదు. ప్రైవేటులో ఆ బిల్లు పదివేలు దాటడం మా పక్క వీధిలో చూశాను. ముందే గర్భసంచి తీయిస్తే ఆ రోజు రానే రాదు, రెండు నెలలకు ఆరేడు పిల్లలూ పుట్టవు. మగ కుక్కకైనా చేయిస్తే తిరుగుళ్లు, కాట్లాటలు తగ్గుతాయి. వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో గానీ, గిండీలోని బ్లూ క్రాస్‌లో గానీ ముందుగా అడిగి రాయించుకోండి. 1959 నుంచి పనిచేస్తున్న జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్. అక్కడ దత్తత కోసం ఎదురుచూసే పెద్ద కుక్కలు, పిల్లులు ఎప్పుడూ ఉంటాయి.

జాతి కుక్కల గురించి రెండు మాటలు చెబుతాను. లాబ్రడార్, పగ్, హస్కీ లాంటివి చెన్నై మే నెలలో, అందులోనూ రేకుల ఇంట్లో, నరకం పడతాయి. పగ్‌కు ముక్కు పొట్టి, ఊపిరి ఆడదు. ఊరికే ఇస్తామన్నా తీసుకోకండి. రాజపాళయం, చిప్పిపారై ఈ నేలవే, ఎండకు తట్టుకుంటాయి. కానీ అవి పరిగెత్తడానికి పుట్టిన వేటకుక్కలు, ఒంటి గది ఇంట్లో వాటిని కట్టేస్తే పాపం.

ఇక తిండి. చిట్టి 15 కిలోలుంటుంది. రోజుకు 120 గ్రాముల బియ్యం, 150 గ్రాముల కోడి తలలు, కాళ్లు, కందనకాయలు, రెండు రోజులకో గుడ్డు, ఉంటే ఒక గుమ్మడికాయ ముక్క. మా కోడి కొట్టతను తలలు, కాళ్లు కిలో 60కి ఇస్తాడు. కుక్కర్లో పదికి పైగా విజిల్స్ వచ్చేదాకా ఉడికించి, చేత్తో నలిపి చూస్తాను. నలగని ఎముక ఏదైనా ఉంటే తీసి పారేస్తాను, ఎందుకంటే ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. ఉప్పు, మసాలా వేయను. లెక్క వేస్తే బియ్యానికి 180, కోడికి 270, గుడ్లకు 105, కాస్త గ్యాసు. అదే ప్యాకెట్ తిండి అయితే నెలకు ఏడు కిలోలు కావాలి, కిలో 200కు పైనే.

మనం తినే సాంబారన్నం పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లో, పిల్లుల్లో రక్తకణాలను నాశనం చేస్తాయి. రోజూ కొద్దికొద్దిగా పెట్టినా మెల్లగా నీరసించిపోతాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే ప్రమాదం.

కుక్కకు మరో చెడ్డ రోజు గోమార్ల వల్ల వస్తుంది. మా వైపు కొందరు వాటిని పిడుదులంటారు. అవి కుడితే వచ్చే జ్వరం చెన్నైలో చాలా ఎక్కువ. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. తొందరగా పట్టుకుంటే మూడు నాలుగు వారాల మాత్రలతో తగ్గిపోతుంది, ఆ మాత్రలు పెద్ద ఖరీదేమీ కాదు. ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సి వస్తుంది. నేను రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని చెవుల లోపల, వేళ్ల సందుల్లో చూసి గోమార్లు తీసి సబ్బు నీళ్లలో వేస్తాను. గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, వాటిని సిమెంటుతో పూడ్పించాం. ఈ పది నిమిషాలు ఎవరికి కుదరవో వాళ్లు కుక్కను పెంచకూడదని నా అభిప్రాయం.

పిల్లి: చాలామందికి ఇదే సరైనది

భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇల్లు, ఒకే గది, చేతిలో తక్కువ డబ్బు. ఇలాంటి వాళ్లు అడిగితే నేను పిల్లినే చెబుతాను. పిల్లి అరిష్టం, ఎదురొస్తే పని చెడుతుంది అని మన పెద్దవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మా అత్తగారికీ ఉండేది. ఇప్పుడు ఆమె పక్కలోనే పడుకుంటుంది మా నల్లపిల్లి. ఎలుకల బెడద తగ్గడం చూసి ఆమే మనసు మార్చుకున్నారు.

పిల్లిని వాకింగ్‌కు తిప్పక్కర్లేదు. ఎనిమిది గంటలు ఒంటరిగా ఉండగలదు. మొరిగి పక్కవాళ్లతో తగువు తేదు. ఆసుపత్రికి వెళ్లాలంటే మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని షేర్ ఆటోలో కూడా వెళ్లొచ్చు. కుక్కను చూస్తే చాలామంది ఆటోవాళ్లు ఆపరు, ఆపినా ఎక్కువ అడుగుతారు. మేం చిట్టిని వేపేరికి తీసుకెళ్లిన ప్రతిసారీ రానూపోనూ 300 దాకా అయ్యేది, మావారి బండి ఖాళీగా ఉంటే తప్ప. వైద్యం చవకైనా దారి ఖర్చు ఉంటుందని లెక్కలో వేసుకోండి.

పిల్లి తిండిలో ఒక పెద్ద పొరపాటు చేస్తారు. పెరుగన్నం, పాలు పెట్టి పెంచేస్తామంటారు. పిల్లి పూర్తిగా మాంసం మీద బతికే ప్రాణి. మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే దాని కళ్లు, గుండె చెడిపోతాయి. పెద్ద పిల్లులకు పాలు అరగవు, విరేచనాలవుతాయి. కాశిమేడు వైపు నుంచి వచ్చే చేపలామె దగ్గర మత్తి చేపలు, నెత్తళ్లు చవకగా ఉన్నప్పుడు తీసుకుని, రోజుకు 150 గ్రాముల లెక్కన ఉడికించి, పిడికెడు అన్నంలో కలిపి పెడతాను. పచ్చివి పెట్టను. ఆ చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణం ఉంది, ఉడికిస్తే అది పోతుంది. వారానికి రెండుసార్లు చేపకు బదులు కోడి మాంసం, కొంచెం లివర్. నెలకు 500 లోపు.

మలవిసర్జనకు కొనే లిట్టర్ మనకు తలకు మించిన ఖర్చు. కర్రల మిల్లులో రంపపు పొట్టు సంచీ నింపి ఇస్తారు. పాత టబ్బులో మూడు అంగుళాలు పరిచి, రోజూ గడ్డలు తీసేసి, వారానికోసారి మొత్తం మారిస్తే వాసన రాదు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఆ టబ్బు జోలికి వెళ్లకూడదు. పిల్లి మలం ద్వారా వచ్చే ఒక సూక్ష్మజీవి కడుపులో బిడ్డకు హాని చేయగలదు.

పిల్లి విషయంలో జాగ్రత్త పడాల్సిన చెడ్డ రోజులు రెండు. మొదటిది పిల్లలు. నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంట్లో పది పిల్లులు. కాబట్టి ఐదారు నెలలకే ఆపరేషన్ చేయించాలి. రెండోది మన చేతులతో మనమే తెచ్చేది. జ్వరంగా ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర వేస్తారు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కల గోమార్ల కోసం అమ్మే కొన్ని మందులు కూడా పిల్లికి విషమే. ఈ రెండు వాక్యాలు పిల్లి ఉన్న ప్రతి ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోవాలంటాను.

పిల్లికీ రేబిస్ టీకా కావాలి. కుక్కకే కదా అని చాలామంది వదిలేస్తారు. ఏ జంతువు కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్లి సూది వేయించుకోండి. అక్కడ ఉచితం. రేబిస్ లక్షణాలు కనపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

పక్షులు

చిలకను కొనకండి. రామచిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మైనాకు, నక్షత్ర తాబేలుకు కూడా అదే చట్టం. సంతలో ఎవరైనా బహిరంగంగా అమ్ముతున్నా సరే, పట్టుబడితే ఇబ్బంది పడేది మనమే.

లవ్ బర్డ్స్ అని మనవాళ్లు పిలిచే బడ్జీలు ఆస్ట్రేలియా జాతివి, వాటిని పెంచుకోవచ్చు. కొర్రలు తింటాయి, జంటకు నెలకు 100, 150 అవుతుంది. పక్షుల కొట్లో అమ్మే కణవాయి చేప ఎముక సముద్రపు ఒడ్డున ఊరికే దొరుకుతుంది, కడిగి ఎండబెట్టి పంజరానికి కడితే సున్నం అందుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ పక్షికి జబ్బు చేస్తే బయటికి కనపడనివ్వదు, కనపడేసరికి ఆలస్యమవుతుంది. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే ఏమవుతుందో మా ఎదురింట్లో చూశాం. సిమెంటు కప్పు, గాలి ఆడే వరండా ఉంటేనే వీటి గురించి ఆలోచించండి. రోజంతా ఎగరలేని చిన్న పంజరంలో వాటిని చూడటం నాకు మాత్రం మనసు ఒప్పదు.

చేప: తక్కువ డబ్బు, తరచూ ఇళ్లు మారేవాళ్లకు

అలంకార చేపలకు కొళత్తూరు పేరున్న చోటు. చెన్నైలో ఏ కొట్టుకైనా చాలావరకు అక్కడినుంచే వెళతాయి. ఆదివారం ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, కొనకపోయినా వాళ్లకు పండగే.

కొనదలిస్తే గోల్డ్‌ఫిష్ వద్దు. గాజు గిన్నెలో అందంగా కనపడుతుంది గానీ, అది అరచేయి కన్నా పెద్దగా పెరిగే చేప, నీళ్లను త్వరగా పాడుచేస్తుంది, గిన్నెలో నెలలు తిరక్కుండా చనిపోతుంది. పిల్లలు ఏడుస్తారు, ఇంకోటి కొంటారు, అదీ పోతుంది. దానికి బదులు ఒక్క ఫైటర్ చేప తీసుకోండి. బెట్టా అని కూడా అంటారు. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, అందుకే గాలి మోటారు అక్కర్లేదు, కరెంటు ఖర్చు లేదు. కానీ మగవి రెండు ఒకచోట ఉంటే చచ్చేదాకా కొట్టుకుంటాయి, కాబట్టి ఒక్కటే. చిన్న సీసాలో పెట్టి అమ్ముతారని మనమూ అలాగే ఉంచకూడదు. పది, పదిహేను లీటర్ల తొట్టి కావాలి. పాత అక్వేరియం ఎవరి దగ్గరైనా 300, 400కు దొరుకుతుంది. చేపకు వందా నూటయాభై. తిండి నెలకు 30 రూపాయలు.

చెన్నైలో కష్టమల్లా నీళ్లతోనే. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది, బకెట్‌లో పట్టి ఒక రోజు ఆరుబయట ఉంచి పోయాలి. బోరు నీళ్లు కొన్ని వీధుల్లో బాగా ఉప్పగా ఉంటాయి, అవి పనికిరావు. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మాత్రమే మార్చండి. మొత్తం తీసి కడిగేస్తే చేపకు దెబ్బ. పెంచలేకపోతే చెరువులో వదలకండి, కొట్టువాళ్లకు తిరిగి ఇవ్వండి. ఎండాకాలంలో తొట్టిని బల్ల మీద నుంచి దించి నేల మీద పెట్టండి, రేకుల వేడి కిందికి తక్కువ దిగుతుంది.

చేపకు చెడ్డ రోజు వస్తే డబ్బు పెట్టి చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. అది బాధే. కానీ అప్పు మాత్రం మిగలదు. రెండు మూడేళ్లు బతుకుతుంది. పిల్లలకు ఒక ప్రాణిని రోజూ చూసుకోవడం అలవాటవుతుందా లేదా అని తెలుసుకోవడానికి ఇది మంచి మొదటి మెట్టు.

చిన్న తాబేళ్లు రెండు రూపాయల బిళ్లంత ఉన్నప్పుడు ముద్దుగా ఉంటాయని కొంటారు. అవి పళ్లెమంత పెరుగుతాయి, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతాయి. వద్దు.

ఇంట్లోకి తేకుండా కూడా చూసుకోవచ్చు

ఓనర్ ఒప్పుకోనివాళ్లకు, నెలనెలా ఆదాయం ఒకేలా ఉండనివాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పేది ఇది. మా లైన్‌లో ఐదు ఇళ్లు కలిసి రెండు వీధి కుక్కలను చూసుకుంటాం. ఇంటికి నెలకు 150. ఒక ఇంట్లో కష్టం వస్తే మిగతా నలుగురూ సర్దుకుంటారు, కుక్కల కడుపు మాడదు. ఆపరేషన్ కాని కుక్క ఉంటే కార్పొరేషన్ 1913 నంబరుకు ఫోన్ చేసి చెబుతాం, పట్టుకెళ్లి ఆపరేషన్, టీకా చేసి మళ్లీ అదే వీధిలో వదులుతారు. ఒక్క జాగ్రత్త ఉంది. వీధి కుక్కలకు ఎక్కడ పడితే అక్కడ తిండి పెట్టకూడదని, వార్డులో అందుకు నిర్ణయించిన చోట్లే పెట్టాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. బడి గేటు ముందు, పిల్లలు ఆడుకునే చోట పెట్టి ఇరుగుపొరుగుతో గొడవ తెచ్చుకోకండి, ఆ కోపం చివరికి కుక్క మీదికే పోతుంది.

నాటుకోడిని పెంచుకుంటామని కొందరంటారు. డాబా మీద చోటుంటే, ఓనర్ ఒప్పుకుంటే మంచిదే, గుడ్లూ వస్తాయి. మా లైన్‌లో ఎవరికీ కుదరలేదు.

ఇంకో సంగతి కూడా లెక్కలో వేసుకోండి. ఉత్తర చెన్నైలో మనలో చాలామందిమి నీళ్లు నిలిచే వీధుల్లోనే ఉంటాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. చిట్టిని మావారు భుజాన వేసుకుని పై పోర్షన్‌కు ఎక్కించారు. పిల్లి తనంతట తానే అటకెక్కి రెండు రోజులు దిగలేదు. చేప తొట్టిని ఎత్తి బీరువా మీద పెట్టాం. పక్కింటివాళ్లకు మూడు కుక్కలు, ఇద్దరు మనుషులు. ఎవరిని ముందు ఎత్తుకోవాలో తెలియక ఆ తల్లి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. మీ ఇంట్లో ప్రాణులను ఎత్తుకోగల చేతులు ఎన్ని ఉన్నాయో, అంతకు మించి పెంచకండి.

ఎవరికి ఏది

ఇంట్లో పగలు ఒకరైనా ఉండి, ఓనర్ ఒప్పుకుని, కనీసం 5 వేలు పక్కన పెట్టగలిగితే: చెవికి గుర్తు ఉన్న పెద్ద నాటు కుక్క. ఇద్దరూ పనికి వెళితే, లేదా ఇల్లు చిన్నదైతే: ఆపరేషన్ చేయించిన పిల్లి. పొదుపు అసలు లేదు, ఇల్లు మారే అవకాశం ఉంది, పిల్లలు మాత్రం వదలడం లేదు అంటే: ఒక్క ఫైటర్ చేప, దానితోపాటు వీధి కుక్కకు వాటా. బడ్జీలను నేనుగా ఎవరికీ చెప్పను. ఏది తెచ్చినా రెండోదాన్ని తేవడానికి ఒక ఏడాది ఆగండి.

ఆ 5 వేలు ఒక్కసారిగా మా దగ్గరా లేవు. చిట్టిని తెచ్చుకోవాలనుకున్న రోజునుంచి హార్లిక్స్ సీసాలో రోజుకు 20 రూపాయలు వేస్తూ ఎనిమిది నెలలు ఆగాం. ఆ ఎనిమిది నెలలూ అది టీ కొట్టు దగ్గరే ఉంది, మేం అక్కడికే వెళ్లి తిండి పెట్టాం. ఆ ఎదురుచూపు వల్ల ఒక మేలు జరిగింది. నిజంగా రోజూ చేయగలమా అన్నది మాకే తేలిపోయింది. రోజుకు 20 వేయలేని నెలలు ఎక్కువగా ఉంటే, కుక్కను పెంచే సమయం ఇంకా రాలేదని అర్థం చేసుకోవచ్చు.

వైద్యం చవకగా ఎక్కడ

వేపేరి వెటర్నరీ ఆసుపత్రి 1903లో మొదలైన కాలేజీది. విద్యార్థులు, వాళ్ల ప్రొఫెసర్లు కలిసి చూస్తారు. చీటీకి కొద్ది మొత్తమే తీసుకుంటారు, స్కాన్, ఎక్స్‌రే, రక్త పరీక్షలు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. కొన్ని మందులు బయట కొనమంటారు. ఉదయం జనం బాగా ఉంటారు కాబట్టి పెందలాడే వెళ్లండి, ఒక పూట కూలి పోతుందని ముందే అనుకోండి. రేబిస్ టీకాకు కార్పొరేషన్ పెంపుడు జంతువుల కేంద్రాలున్నాయి, తిరు.వి.క. నగర్, నుంగంబాక్కం లాంటి చోట్ల. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం, ఆ రోజుల్లో ఉచిత టీకా క్యాంపులు పెడుతుంటారు. చెన్నైలో పెంపుడు కుక్కకు లైసెన్స్ తప్పనిసరి. 2025 చివర్లో పెట్టిన క్యాంపుల్లో 50 రూపాయలకే లైసెన్స్ ఇచ్చి, టీకా, మైక్రోచిప్ ఉచితంగా వేశారు. లేకపోతే జరిమానా 5,000. మన దగ్గర ఆ 5,000 ఎక్కడుంది? ఆ కాగితం ముందే తీసుకోండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏ టీకా వేశారు, ఎప్పుడు నులిపురుగుల మందు ఇచ్చారు, తిండి ఎప్పటినుంచి మానేసింది, విరేచనం ఎలా ఉంది. అవన్నీ రాసి ఉంటే అనవసరమైన పరీక్షలు తగ్గుతాయి. డబ్బు ఎంత ఉందో కూడా మొదటే చెప్పేయండి. నాకు మొదట్లో సిగ్గుగా ఉండేది. బిల్లు చూశాక నోట మాట రాక నిలబడేదాన్ని. కిందటేడాది చిట్టికి జ్వరం వచ్చినప్పుడు లోపలికి వెళ్లగానే "డాక్టరుగారూ, నా దగ్గర 600 ఉన్నాయి, అందులో ఏది ముందు చేయాలో చెప్పండి" అన్నాను. ఆయన మూడు పరీక్షల్లో ఒక్కటే రాసి, గోమార్ల జ్వరం మాత్రలు మొదలుపెట్టి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీసుకురమ్మన్నారు. నాలుగో రోజుకు అది గిన్నె ముందు నిలబడి తోకాడించింది.